దొర డబ్బుతో వచ్చిన రైకలు

కుప్పం దాటితే కోలారు బంగారు గనులు ఎంతో దూరం లేవు. ఆ పసిడి పొర మన చిత్తూరు వైపుకూ పాకింది. చిగరగుంట, బిసానత్తంలో గనులు తవ్వారు. 1911లో జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటులోదే. ఆ ఉత్తర ఆర్కాటు వెట్టిజనం కోలారు మట్టిలో బంగారం కోసం వెళ్లిన కథ పా. రంజిత్ తీసిన ‘తంగలాన్’ (2024). అరవ సినిమా అని వదిలేస్తే మన కథనే వదిలేసినట్టు.

దొరల మీద పగ మన తెరకు కొత్త కాదు. ‘ఆర్ఆర్ఆర్’ (2022)లో గోండు తల్లి మీద తూటా కూడా దండగంటాడు గవర్నరు. ఆ తూటా ఎప్పుడు వెనక్కి తిరుగుతుందా అని అక్కణ్ణుంచి కాచుకుని కూచుంటాం. రంజిత్ దొర క్లెమెంట్ అలా మొదలవడు. భూమి జమీందారు పాలై వెట్టికి దిగిన తంగలాన్‌కు (విక్రమ్) కూలిస్తానంటాడు, బంగారంలో వాటా ఇస్తానంటాడు. ఊరి పెద్దకులాలు ఏనాడూ చూపని మర్యాద అది. జాతి అహంకారం ఇంత మెత్తగా అడుగుపెట్టడం మన సినిమాల్లో అరుదు.

ఆ మెత్తదనాన్ని రంజిత్ ఒక్క సన్నివేశంలో పట్టుకున్నాడు. ఊరికి తిరిగొచ్చిన తంగలాన్ ఆడవాళ్లకు రైకలు తెస్తాడు. అప్పటిదాకా వాళ్లకు రైక తొడుక్కునే రాత లేదు. గంగమ్మ (పార్వతి తిరువోతు), తోటి ఆడవాళ్లు మొదటిసారి తొడుక్కుని ఒకరినొకరు చూసుకుంటారు. సిగ్గు, నవ్వు, గర్వం అన్నీ ఒకేసారి ముఖాల్లోకి వస్తాయి. ఆ సంబరం నిజం. దాని వెనకున్న డబ్బు ఎవరిదో కూడా మనకు తెలుసు. ఈ రెండింటినీ ఒకే సన్నివేశంలో నిలబెట్టడం గొప్ప పనితనం.

పశుపతి వేసిన పాత్ర తిరుపతి వాళ్లను ఇంకా గట్టిగా తాకుతుంది. అణగారిన కులంలో పుట్టి, రామానుజుల దారిలో నామం దిద్దుకుని, జంధ్యం వేసుకుని, వైకుంఠం కోసం ఎదురుచూసే మనిషి. అతని భక్తిని రంజిత్ ఎక్కడా వెక్కిరించలేదు.

బంగారం కనబడే వేళకు దొర అసలు రంగు బయటపడుతుంది. అప్పటికే తంగలాన్ ఆ మట్టిని కాపాడే ఆరతి అనే ఆమె మనుషులతో తలపడి ఉన్నాడు. వాళ్లు తన పూర్వీకుల తెగేనని తెలిశాక కోపం దొర వైపు తిరుగుతుంది గానీ, అంతకుముందు తను చిందించిన నెత్తురు అలాగే ఉంటుంది. చివరి అరగంటలో కలలూ జ్ఞాపకాలూ కలగాపులగమయ్యాయి, ఒప్పుకోవాలి. అయినా ఈ పగలో ఈలలు వేసే చోటు రంజిత్ మనకివ్వలేదు. ఆ నిగ్రహానికే ఆయన్ని మెచ్చుకుంటాను.