అమరుట, తగుట: ఒక కంప్యూటరు పట్టికపై విమర్శ

ఇంటిలోనే కంప్యూటరు కూర్చుకొనవలెనను ఉత్సాహము ఇటీవల మన విద్యార్థులలో బాగా పెరిగినది. ఇది సంతోషింపదగిన విషయము. పెట్టె మూత తెరచి చూచినవానికి యంత్రము మంత్రముగా తోచదు. అయితే ఈ ఉత్సాహము చివరకు ఒక పట్టికగా మారుచున్నది. అది వీడియో చూచి వ్రాసికొన్నదైనను కావచ్చును, దుకాణమువారిచ్చిన కొటేషనైనను కావచ్చును. అట్టి పట్టికనొకదానిని ఇక్కడ పరిశీలింతము.

ఆళ్లగడ్డలో ఇంటరు చదువుచున్న ఒక కుర్రవాడు మొన్న వేసవిలో నంద్యాల వచ్చి దానిని నాకు చూపినాడు. "మాస్టారూ, ప్రాసెసరు మంచిదే గదా? నాన్న పంట అమ్మిన డబ్బులోనుంచి ఇస్తానన్నాడు" అన్నాడు. పట్టికలో పేరున్న ప్రాసెసరు, 16 జీబీల ర్యాము ఒకే పలకగా, ఒక టెరాబైటు హార్డు డిస్కు, రంగు దీపముల కేబినెట్టు ఉన్నవి. చివరి వరుసలో "పవరు సప్లై, 450 వాట్లు" అని మాత్రమే ఉన్నది. తయారీదారుని పేరు లేదు.

ముందుగా మెచ్చదగినది చెప్పవలెను. మదరుబోర్డు, ర్యాము రెండును డి.డి.ఆర్.4 రకమువే. డి.డి.ఆర్.5 పలకకు గాడి వేరొక చోట నుండును గనుక అది ఈ బోర్డులో దిగదు. ప్రాసెసరు సాకెట్టు కూడ సరిపోయినది. అనగా, భాగములన్నియు ఒకదానికొకటి అమరును.

ఇట్లు అమరుట వెనుక చరిత్ర కలదు. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారు చేసినది. ఆ కాలమున కంప్యూటరనగా ఒక సంస్థ సమగ్రముగా నిర్మించి ఇచ్చునట్టిది. 1981లో ఐ.బి.ఎం. తన వ్యక్తిగత కంప్యూటరు వలయ చిత్రములను ప్రకటించుటతో ఇతరులును దానికి సరిపోవు భాగములు చేయసాగిరి. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణము బోర్డు కొలతలను, మరల రంధ్రములను, పవరు సప్లై తీగల కొనలను నిర్ణయించినది. వేరువేరు సంస్థల వస్తువులు నేడు ఒకే పెట్టెలో ఇముడుటకు ఇదియే కారణము. కాని ప్రమాణములు చెప్పునది అమరుటను గూర్చియే. పనికి, ఊరికి, వాతావరణమునకు తగుట వేరు విషయము. పట్టికలోని లోపమంతయు ఇక్కడనే ఉన్నది.

ప్రాసెసరు పేరు చివర "ఎఫ్" అను అక్షరమున్నది. అట్టి ఇంటెల్ ప్రాసెసరులో చిత్రమును తెరకు పంపు భాగముండదు. ప్రత్యేకముగా గ్రాఫిక్స్ కార్డు కావలెను. పట్టికలో దానికెదురుగా "తరువాత" అని వ్రాసియున్నది! యంత్రము తిరుగును, ఫ్యాను మ్రోగును, తెర మాత్రము నల్లగానే యుండును. ఈ కుర్రవానికి కావలసినది ప్రోగ్రాములు వ్రాయుట, పాఠములు చూచుట. గ్రాఫిక్స్ తనలోనే గల రైజెన్ 5 5600జి వంటి ప్రాసెసరు దీనికి చాలును.

ర్యామును 16 జీబీల ఒకే పలకకు బదులు 8 జీబీలవి రెండు తీసికొన్నచో దారులు రెండగును. డి.డి.ఆర్.4-3200 రకములో ఒక దారి సెకండునకు గరిష్ఠముగా 25.6 జీబీలు మోయగా, రెండు దారులు 51.2 జీబీలు మోయును. గ్రాఫిక్స్ కూడ ఈ ర్యామునే వాడుకొనునపుడు ఈ భేదము కంటికి తెలియును.

ఇక హార్డు డిస్కు. నిమిషమునకు 7200 చుట్లు, అనగా సెకండునకు 120 చుట్లు తిరుగును. కావలసిన సమాచారము చదువు తల క్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు, అనగా 4 మిల్లీసెకండ్లకు పైగా ఆగవలెను. తల జరుగుటకు పట్టు కాలము దీనికి అదనము. కదలిక లేని ఎస్.ఎస్.డి.లో ఆ పని మిల్లీసెకండులో కొద్ది భాగములోనే ముగియును. చిన్న ఎస్.ఎస్.డి. అయినను మొదట దానినే కొనవలెను.

అన్నిటికంటె పెద్ద లోపము చివరి వరుసలోనిది. వాట్ల అంకె ఒక్కటే నాణ్యతను తెలుపదు. అతి వోల్టేజి, అతి కరెంటు, షార్టు సర్క్యూట్లనుండి రక్షణ కలదా యని చూడవలెను. "80 ప్లస్" ముద్ర సామర్థ్యమునకే గాని రక్షణకు గుర్తు కాదు. సామర్థ్యము 85 శాతమైనచో, భాగములకు 170 వాట్లు అందించుటకు గోడనుండి 200 వాట్లు తీసికొనును. మిగిలిన 30 వాట్లు వేడిగా మారును.

ఆ వేడి మన ఊళ్లలో తేలికగా తీసివేయదగినది కాదు. 25 డిగ్రీల గదిలో ప్రాసెసరు 80 డిగ్రీలకు చేరినదనుకొందము. అదే పని, అదే ఫ్యానుతో 42 డిగ్రీల గదిలో అది దాదాపు 97కు చేరవలెను. 5600జి హద్దు 95. కనుక అది తనంతట తానే వేగము తగ్గించుకొనును. ఎక్కువ వెలపెట్టి కొన్న వేగము మే నెలలో చేతికందదు! రంగు దీపములకు పెట్టు సొమ్ముతో, ముందువైపు గాలి చొరబడు జాలి గల కేబినెట్టును, మరియొక ఫ్యానును కొనవచ్చును.

కరెంటు పోవుట మరియొక సంగతి. మంచి సప్లై సుమారు 16 మిల్లీసెకండ్లు యంత్రమును నిలుపగలదు. ఇంటి ఇన్వర్టరు అంతలో అందుకొనవలెను. మీటను "యు.పి.ఎస్." స్థానములో నుంచినచో మార్పిడి త్వరగా జరుగును. సాకెట్టు మూడవ రంధ్రమునకు నిజముగా ఎర్తు తీగ యున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించుకొనుట తప్పనిసరి.

దుకాణదారునే నిందించుట న్యాయము కాదు. ప్రాసెసరు గూర్చి అడిగినవానికి ఆయన ప్రాసెసరు గూర్చియే చెప్పినాడు. ఆళ్లగడ్డ శిల్పి వద్దకు పోయినవారిని ఆయన మొదట అడుగునది ఏ విగ్రహము, ఎంత ఎత్తు, ఎక్కడ నిలుపుదురు అనియే. రాయి ఎంపిక ఆ పిమ్మటనే. మన పట్టికయు అట్లే పనితో మొదలు కావలెను.

ఉపాధ్యాయులు ఇట్టి కొటేషనునొకదానిని తరగతిలో నల్లబల్లపై వ్రాసి, ప్రతి భాగమునకు ఎదురుగా మూడు గడులు గీయింపవచ్చును: ఇది చేయు పని ఏమి, దేనితో అమరవలెను, మన ఊరి ఎండకు, కరెంటుకు తగునా? మూడవ గడి ఖాళీగా మిగిలిన వస్తువును ఇంకను కొనరాదు. మన కుర్రవాని పట్టికలో ఆ గడి చాల చోట్ల ఖాళీగానే మిగిలినది. అతడు దానిని మడిచి జేబులో పెట్టుకొని, "నాన్నతో ఇంకొక వారమాగమని చెబుతాను మాస్టారూ" అని ఆళ్లగడ్డ బస్సెక్కినాడు.