నున్నని గోదురుకప్ప: 'దత్తాఫ్రైనస్ హోలోలియస్' నామచరిత్ర - ఒక పరిశీలన

ఆల్బర్ట్ గుంథర్ 1876లో దక్షిణ భారతానికి చెందిన ఒక గోదురుకప్పను 'బ్యూఫో హోలోలియస్' అని నామకరణం చేశాడు. గ్రీకులో 'హోలోస్' అంటే సంపూర్ణం, 'లైయోస్' అంటే నునుపు. గోదురుకప్ప అనగానే బొడిపెలతో గరుకుగా ఉండే వీపు స్ఫురిస్తుంది. ఆ స్ఫురణకు ఎదురుగా నిలిచే లక్షణాన్నే గుంథర్ పేరుగా ఎంచుకున్నాడు. ఇళ్ళ పరిసరాల్లో కనిపించే సాధారణ గోదురుకప్పకు 1799లో ష్నైడర్ పెట్టిన 'మెలనోస్టిక్టస్' (నల్లచుక్కలది) కూడా ఇటువంటి దేహవర్ణనే.

ఆ నమూనా దొరికిన చోటుగా నమోదైనది 'మలబారు'. ఆ కాలపు సేకరణల్లో ఆ మాటకు గల వైశాల్యం ఎంతో నిర్ణయించడం కష్టం. తరువాతి కాలంలో ఈ జీవి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడుల రాతిప్రాంతాల్లో కనిపించింది. అయినా ఆంగ్లంలో దానికి 'మలబార్ టోడ్' అన్న వ్యవహారం నిలిచిపోయింది.

2006లో ఫ్రాస్ట్, ఆయన సహపరిశోధకులు అతివిస్తృతమైన 'బ్యూఫో' ప్రజాతిని విభజించి, ఉభయచర శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరిట 'దత్తాఫ్రైనస్' ప్రజాతిని ఏర్పరచారు. 'ఫ్రైనోస్' అంటే గ్రీకులో గోదురుకప్ప. హోలోలియస్ కూడా అందులో చేరింది. అందుకే నేడు గుంథర్ పేరును, సంవత్సరాన్ని కుండలీకరణాల్లో రాస్తారు. జాతిని మొదట వర్ణించినవాడు అతడే గాని, ఉంచిన ప్రజాతి వేరని ఆ చిన్న గుర్తు చెబుతుంది. పాఠపరిష్కర్తలు పాఠాంతరాలను గుర్తించినంత శ్రద్ధగా దీనిని చదవాలి. అలంకారమనుకొని తొలగించే ముద్రణలు ఒక చరిత్రనే తొలగిస్తున్నాయి.

ఈ నేపథ్యంలో 'మలబారు కప్ప' అన్న అనువాదం రెండు విధాల లోపభూయిష్ఠం. తెలుగులో కప్ప వేరు, గోదురుకప్ప వేరు. ఆ భేదం అందులో లేదు. పైగా తెలుగు నేల రాతిగుట్టల్లోనూ ఉండే ప్రాణిని తెలుగు పాఠకునికే పరాయిదిగా చూపుతుంది. శాస్త్రీయనామం అర్థరీత్యా పొరపాటైనా, ఆ కారణంతో దానిని మార్చడానికి అంతర్జాతీయ నియమావళి అంగీకరించదు. వ్యవహారనామానికి ఆ నిర్బంధం లేదు. కనుక ఆంగ్లంలోని స్థలసూచనను యథాతథంగా మోసుకురావలసిన అగత్యమూ లేదు.

'నున్నని గోదురుకప్ప' అనడం మేలు. వినడానికి కొంత వింతగా ఉంటుందన్నది నిజమే. గుంథర్ ఎంచుకున్న పదంలోనూ ఆ వింత ఉంది.