వైన్స్ పక్క సందు

మొన్నొక జాకెట్టు కుట్టించుకోవలసి వచ్చి, కొత్తగా తెలిసిన టైలరమ్మ ఇల్లెక్కడని ఫోనులో అడిగాను. "మర్రిపాలెంలో దిగండమ్మా. వైన్స్ కనిపిస్తాది. దాని పక్క సందు, రెండో ఇల్లు" అంది తడుముకోకుండా. వెనకటికి రావిచెట్టు ఎదురుగా అనో, రామాలయం వెనక అనో గుర్తులు చెప్పేవారు. ఇప్పుడు విశాఖపట్నంలో ఏ మూలకు పొమ్మన్నా ఈ వైన్సే గుర్తు. రాత్రి పది దాకా దీపాలు వెలుగుతూనే ఉంటాయి గనక దారి తప్పుతామన్న భయం లేదు కాబోలు.

తమాషా ఏమిటంటే, ఆ బోర్డు కింద అమ్ముడయ్యేదంతా బ్రాందీ, విస్కీ, బీరు. అసలు వైను, అంటే ద్రాక్షపళ్లతో చేసేది, మూల అలమరలో రెండు సీసాలుంటే గొప్ప. అయినా పేరు మాత్రం వైన్సే! సారా అంటే మోటు, వైన్ అంటే మర్యాద. పేర్లు పెట్టడంలో మనవాళ్ల రసికత ఇవాళ్టిది కాదు. 1980లలో ప్రభుత్వమే సారాను పొట్లాల్లో పోసి అమ్మించి, ఆ పథకానికి "వారుణివాహిని" అని పేరు పెట్టింది. పాలసముద్రాన్ని చిలికినప్పుడు పుట్టిన వారుణి పాపం ప్లాస్టిక్ పొట్లంలోకి దిగింది.

సరే, సందు దొరికింది. అలవాటు ప్రకారం తల పక్కకు తిప్పుకుని, పమిట సర్దుకుని, ఆ కొట్టు దాటాను. మనందరం అలాగే దాటుతాం కదండీ! దాటాక మాత్రం కాళ్లు కాసేపు నిలబడిపోయాయి. ఆరు నెలల కిందట వచ్చిన ఒక ఉత్తరం గుర్తొచ్చింది.

ఆ ఉత్తరం రాసినావిడెవరో నాకు తెలియదు. నా నవల ఒకటి చదివి రాసింది. "మీ కథలో భర్త రోజూ తాగొచ్చి భార్యను ఏడిపిస్తాడు. బాగా రాశారు. కానీ ఆ సీసా అమ్మినవాడు మీ పుస్తకంలో ఎక్కడా లేడేమండీ? మా ఆయన వైన్ షాపులో కౌంటరు మీద పనిచేస్తారు. ఆయన తాగరు. రాత్రి పదిన్నర దాటాక చొక్కానిండా ఆ వాసనతో ఇంటికొస్తారు. వీధిలో అందరూ మీ నవలలో భర్తను చూసినట్టే చూస్తారు. ఆయనకూ ఒక ఇల్లుంటుందని మీకు తోచలేదా?" అని అడిగింది.

నిజం చెప్పొద్దూ, మొదట కోపం వచ్చింది. తర్వాత నా నవలలు నేనే తీసి చూసుకున్నాను. ఇప్పటి దాకా అచ్చయినవి పదకొండు. అందులో మూడింట తాగుబోతు భర్తలున్నారు. ముగ్గురూ తలుపు తట్టిన దగ్గర్నుంచే మొదలవుతారు! అంతకుముందు వాళ్లు ఎక్కడున్నారో, ఎవరితో కూర్చున్నారో, ఎంత అప్పు పెట్టారో, ఆ అప్పు ఎవరు రాసుకున్నారో నేను అడగలేదు. తలుపవతల లోకం నాకు అక్కర్లేకపోయింది.

తలుపవతల లోకాన్ని రాసినవాళ్లు మనకు లేరా అంటే, ఉన్నారు. అందులోనూ మన ఊరివారే ఉన్నారు. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు, మనందరి రావిశాస్త్రి. 1922లో పుట్టి 1993లో పోయారు. విశాఖపట్నంలో ప్లీడరీ చేశారు. 1960ల మొదట్లో ఆయన రాసిన "ఆరు సారా కథలు" కాలేజీలో ఉండగా ఎప్పుడో చదివాను. అప్పుడు ఆయన ఉపమానాలకు ముచ్చటపడి పుస్తకం మూసేశాను. ఈ ఉత్తరం పుణ్యమా అని మళ్లీ తెరిచాను.

అది మద్యనిషేధం ఉన్న కాలం. మద్రాసు ప్రెసిడెన్సీ నాడు మొదలైన నిషేధం ఆంధ్ర రాష్ట్రానికీ వారసత్వంగా వచ్చింది. దాని మీద ఎంత పట్టుదలలుండేవంటే, 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం కూలిపోయింది కూడా ఈ నిషేధం గొడవలోనే. సభల్లో అంత గొడవ జరుగుతుంటే, ఇక్కడ పట్నం సందుల్లో సారా తన దారిన తాను ప్రవహిస్తూనే ఉంది. కాచేవాళ్లు, మోసేవాళ్లు, అమ్మేవాళ్లు, పట్టుకునేవాళ్లు, పట్టుకోకుండా ఉండటానికి మామూళ్లు పుచ్చుకునేవాళ్లు. పట్టుబడినవాళ్ల కోసం కోర్టుల్లో ప్లీడర్లు. నిషేధించిన సరుకు చుట్టూ ఇంతమందికి జీవనం! రావిశాస్త్రిగారు ఆ కోర్టు గుమ్మంలో నిలబడి చూశారు.

అందులో "మాయ" అన్న కథ ఒక్కటి చాలు. ముత్యాలమ్మ అనే ఆమె మీద సారా కేసు. ఆమె తరఫున ఒక కుర్ర ప్లీడరు. న్యాయశాస్త్రం చదువుకున్న పిల్లవాడు గనక, వాదిస్తే గెలుస్తానని నమ్మాడు. శిక్ష పడింది. అప్పుడు ఆ చదువులేని మనిషి ఆ చదువుకున్న పిల్లవాడికి లోకం ఎలా నడుస్తుందో విప్పి చెబుతుంది. పోలీసులూ కోర్టులూ ప్లీడర్లూ అందరూ ఒకే బజారులో బేరగాళ్లని, తాను అమ్మే సరుకొక్కటే వేరని ఆమె మాటల సారం. ఏడ్చి చెప్పదు. బతిమాలదు. బేరం తెలిసిన మనిషి కొత్తగా బేరానికొచ్చినవాడికి చెప్పినట్టు చెబుతుంది. ఆ భాష శ్రీకాకుళం, విశాఖ జిల్లాల పేదల నోటి భాష, ఒక్క అక్షరం ఇస్త్రీ చేయకుండా!

ఈసారి చదివినప్పుడు నాకు తట్టిందేమిటంటే, సారా గురించిన ఆ కథలో మధ్యన నిలబడ్డది ఆడమనిషి. ఆమె తాగుబోతు పెళ్లాం కాదు, అమ్మే మనిషి. ఆవిడకు లెక్కలు తెలుసు, మనుషుల రేట్లు తెలుసు, భయం ఎక్కడ పడాలో ఎక్కడ పడకూడదో తెలుసు. అంతకు యాభై ఏళ్ల ముందునుంచీ మన సాహిత్యంలో సారాకొట్టు లేకపోలేదు. గురజాడ అప్పారావుగారు 1909 నాటి "కన్యాశుల్కం"లో ఒక రంగమంతా సారా దుకాణంలోనే నడిపించారు. బైరాగి, హెడ్డు కనిస్టీబు, శైవుడూ వైష్ణవుడూ చేరి, మతాల మీద వాదులాడుకునే ఆ రంగం చదివి నవ్వనివాళ్లుండరు. కానీ అది మగవాళ్ల సభ. ఇక 1953లో "దేవదాసు" సినిమా వచ్చింది. నాగేశ్వరరావుగారు గ్లాసు పట్టుకుని దగ్గుతుంటే మా అమ్మ తరం ఆడవాళ్లంతా హాల్లో కొంగులు తడుపుకున్నారు. మా అమ్మ ఆ సినిమా నాలుగుసార్లు చూసింది. తాగేవాడి మీద అంత జాలి కురిపించిన ఆ సినిమాను తలుచుకుంటే ఇప్పుడు నాకొక మొరటు సందేహం వస్తోంది: ఆ సీసాలు దేవదాసుకు ఎవరు అమ్మారు? మనం ఎవ్వరమూ అడగలేదు. తాగుడు ప్రేమలోంచి పుట్టిందనుకున్నామే గానీ, కొట్టులోంచి వచ్చిందనుకోలేదు.

రావిశాస్త్రిగారిని ఇంత పొగిడాను గనక, నా ఫిర్యాదు కూడా చెప్పుకోవాలి. ఆయన కొట్టును చూశారు, స్టేషన్ను చూశారు, కోర్టును నిలువునా చూశారు. ఆ సీసా చివరికి చేరిన ఇల్లు మాత్రం ఆ కథల్లో దూరాన మసకగానే ఉంటుంది. ముత్యాలమ్మ అమ్మిన సారా తాగి ఎవడో ఇంటికి వెళ్లి ఉంటాడు కదా. అక్కడ ఇంకో ముత్యాలమ్మ ఉంటుంది కదా. ఆవిడ పేరు మనకు తెలియదు. పైగా ఆయన ఉపమానాల ధాటికి మనం ఒక్కోసారి మనిషిని వదిలేసి వాక్యం వెంట పోతాం. నా మొదటి చదువులో జరిగింది అదే.

అయితే మనం చేసిందేమిటి? మేం ఆడవాళ్లం, నవలలు రాసేవాళ్లం, ఆ ఇంటిని రాశాం. గిన్నెలు విసరడం, పిల్లలు మంచం కింద దాక్కోవడం, తెల్లవారి ఇరుగుపొరుగుతో ఏమీ జరగనట్టు నవ్వడం, ఇవన్నీ మాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. కానీ మేం గడప దగ్గరే ఆగిపోయాం. ఆయన కొట్టు రాశారు, మేం ఇల్లు రాశాం. కొట్టుకూ ఇంటికీ మధ్య ఉన్న వీధి, నేను చదివినంతలో, ఎవరి పుస్తకంలోనూ సరిగ్గా లేదు.

ఆ వీధిని దాటినవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లు రచయిత్రులు కారు, అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్య వాచకంలో ఒక పాఠం ఉండేది. ఒక ఊరి ఆడవాళ్లు కలిసి సారాకొట్టు మూయించిన కథ. అది చదివి, అయితే మనమెందుకు మూయించకూడదని బయల్దేరారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1992లో మొదలైన ఆ మంట జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. అది రెండేళ్లు నిలిచి 1997లో సడలింది. పక్క రాష్ట్రాల నుంచి దొంగతనంగా సీసాలొస్తున్నాయన్నారు, ఖజానా ఖాళీ అయిందన్నారు. రెండూ అబద్ధం కాదు. నిషేధం కాలంలో ఏం జరుగుతుందో ముప్ఫై ఏళ్ల ముందే ముత్యాలమ్మ చెప్పింది కదా! ఎటొచ్చీ, ఒక చిన్న పాఠం చదివి ఆడవాళ్లు గడప దాటి, వీధి దాటి, కొట్టు దాకా నడిచారన్నది మాత్రం ఎవరూ చెరపలేరు. నా పదకొండు నవలలూ కలిసి ఒక్కరిని కూడా అంత దూరం నడిపించలేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కాస్త అసూయ మాత్రం ఉంది.

ఇక ఇవాళ్టి సంగతి. రావిశాస్త్రిగారు ఎరిగిన ఊరు 1933లో తెరిచిన రేవు చుట్టూ పెరిగిన ఊరు. స్టీలు ప్లాంటుకు 1971లో శంకుస్థాపన అయ్యాక ఊరు గాజువాక, కూర్మన్నపాలెం దాకా సాగింది. జీతాల ఊరు అయింది. సారా పోయి వైన్స్ వచ్చింది. 2019 నుంచి ఐదేళ్లు ప్రభుత్వమే కొట్లు నడిపింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకిచ్చారు. రాష్ట్రం మొత్తం మీద 3,396 కొట్లు, దరఖాస్తులు దగ్గర దగ్గర తొంభై వేలు! దరఖాస్తు రుసుమే 2 లక్షలు, లాటరీలో పేరు రాకపోతే తిరిగి రాదు. పెళ్లి సంబంధాలకు కూడా ఇంత ఆరాటపడటం నేను చూడలేదు. ఆ లాటరీ రోజున టీవీ ముందు కూర్చుని దేవుళ్లకు మొక్కుకున్నవాళ్లను ఎరుగుదును. కల్లుగీత కులాలవారికి పది శాతం కొట్లు వేరే కేటాయించారు. 99 రూపాయలకే క్వార్టరు సీసా అని మరో కబురు. తాటిచెట్టెక్కినవాడి మనవడు కౌంటరు వెనక కూర్చోవడం మంచిదా చెడ్డదా అంటే నేను చట్టున చెప్పలేను. కథ రాయాలంటే మాత్రం, ముందు ఆ కౌంటరు వెనక్కి వెళ్లి చూడాలి.

ఆ లాటరీలో ఆడవాళ్ల పేర్లూ వచ్చాయి. పత్రికలు ఆ సంగతి వింతగా రాశాయి. లైసెన్సు మీద పేరు ఆవిడది. పెట్టుబడి ఎవరిది, లాభం ఎవరిది, రాత్రి లెక్క చూసేదెవరు? ఆవిడే చూసుకుంటోందా, సంతకం పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయిందా? కొట్టు బయట బండి మీద ఉడకబెట్టిన గుడ్లూ శనగలూ అమ్మే ఆవిడ సంగతేమిటి? సాయంత్రానికి ఆవిడ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కొట్టు వల్లే. రాత్రికి ఆవిడ మొగుడు తాగేదీ ఆ కొట్టులోనే అయితే? తెల్లవారి ఖాళీ సీసాలు ఏరుకునే ముసలమ్మ ఉంది. ఉత్తరం రాసినావిడ ఉండనే ఉంది. ముత్యాలమ్మ ఇప్పుడు ఒక్కతె కాదు, నలుగురైంది. రాసే రావిశాస్త్రి మాత్రం లేడు.

"ఇదంతా మర్యాదస్తుల పత్రికలో రాసే సంగతేనా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. వీధి చివర అంత వెలుతురులో ఉన్నదాన్ని మన కథలు మాత్రమే చూడకపోవడం మర్యాద ఎలా అవుతుంది చెప్పండి? తాగుడు చెడ్డదని రాయడం తేలిక. దాన్ని అమ్మి బతికేవాళ్లు మనలాంటి మనుషులేనని రాయడం కూడా అంత కష్టం కాదు. ఈ రెండూ ఒకే పుస్తకంలో, ఒకదాన్నొకటి కప్పెయ్యకుండా రాయాలి. అక్కడే ఉంది చిక్కంతా. రావిశాస్త్రిగారు సగం దారి నడిచి పెట్టారు. మిగతా సగం నడవాల్సింది మేమే.

జాకెట్టు తెచ్చుకోవడానికి నిన్న మళ్లీ వెళ్లాను. కొలత సరిపోయింది గానీ చేతులు కాస్త బిగువు. తిరిగొస్తూ, గుడ్ల బండి దగ్గర ఆగి రెండు గుడ్లు కట్టమన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇంటికా అమ్మా, ఇక్కడకా?" అంది. కొట్టు ముందు నిలబడ్డ నలుగురూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. "ఇంటికేలే. నీ పేరేమిటి?" అన్నాను.

చెప్పింది. ఉత్తరం రాసినావిడకు ఇంకా జవాబు బాకీ ఉన్నాను. రాయడం మొదలుపెట్టాను గానీ, అది ఉత్తరంలా పొట్టిగా ఉండేలా లేదు.