ఆఖరి కుట్టు

కాలేయ మార్పిడి ఆపరేషన్‌లో అన్నిటికన్నా చివర కుట్టేది పైత్యనాళాన్ని. ముందు కాలేయం నుంచి గుండెకు పోయే సిర, ఆ తర్వాత పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర, రక్తం పారి కాలేయం రంగు తిరిగాక ధమని. ఇవన్నీ అయ్యాక అప్పుడు నాళం వంతు. అప్పటికి థియేటర్‌లో చాలా గంటలు గడిచిపోయి ఉంటాయి. సర్జన్ కళ్లకి భూతద్దాల జోడు, చేతిలో వెంట్రుకంత దారం, ఎదురుగా రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం. బతికున్న దాత ఇచ్చిన కుడి భాగమైతే ఒక్కోసారి రెండో మూడో రంధ్రాలు కనిపిస్తాయి. అన్నిటినీ కలిపితే తప్ప పని పూర్తి కాదు. ఆ తర్వాత నెలల్లో పేచీ పెట్టేదీ ఎక్కువగా ఆ ఆఖరి కుట్టే. నా బతుకుదెరువంతా అక్కడుంది.

నేను కత్తి పట్టని డాక్టర్ని. ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు అంటారు. తెర మీద ఎక్స్‌రే బొమ్మ చూసుకుంటూ సూది, వైరు, గొట్టంతో పని చేసుకుపోతాం. పెళ్లిళ్లలో ఎవరైనా 'నువ్వు ఏం డాక్టరువి బాబూ?' అని అడిగితే మా పెద్దమ్మ 'స్కానింగులు తీస్తాడు' అని చెప్పేస్తుంది. నేనూ కాదనను. భోజనాల బంతిలో పైత్యరసం గురించి వివరించడం కన్నా అదే నయం.

మనిషి కాలేయాన్ని మార్చే ప్రయత్నం మొదట 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ చేశాడు. అయిదేళ్లకు కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాన్ మొదలుపెట్టాడు. పైత్యనాళం కలిపే చోటు ఈ ఆపరేషన్‌కి అకిలిస్ మడమ అన్నది ఆయనే. మనం దుర్యోధనుడి తొడ అనుకోవచ్చు. ఆ రోజుల్లో నాళం లీకయి, లోపల చీము పట్టి చనిపోయినవాళ్లు ఎందరో. ఇప్పుడు అంత లేదు. అయినా తొడ తొడే. చనిపోయిన దాత నుంచి తీసిన పూర్తి కాలేయం పెట్టినవాళ్లలో నూటికి 5 నుంచి 15 మందికి నాళం సన్నబడుతుందని వైద్య గ్రంథాల లెక్క. బతికున్న దాత కుడి భాగమైతే అది 30 దాకా పోతుంది. మన దేశంలో ఎక్కువగా జరిగేవి ఈ రెండో రకమే.

ఎందుకిలా అంటే, కాలేయానికి రెండు దారుల్లో రక్తం వస్తుంది. ముప్పాతిక వంతు పోర్టల్ సిర నుంచి, మిగిలింది ధమని నుంచి. ఒకటి తగ్గినా రెండోదానితో కాలేయం ఎలాగోలా నెట్టుకొస్తుంది. పైత్యనాళానికి ఆ వెసులుబాటు లేదు. దాని పోషణంతా ధమని మీదే. దాత శరీరం నుంచి కోసి తీసేటప్పుడు నాళం అంచుకు రక్తం తెచ్చే సన్నసన్న కొమ్మలు తెగిపోతాయి. అంచుకు రక్తం చాలదు, మచ్చ కడుతుంది, మచ్చ బిగుసుకుంటుంది. రోజుకు ముప్పావు లీటరుకు అటూ ఇటూ ఊరే పైత్యరసం అక్కడ ఆగిపోతుంది. కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద, మలం సుద్దరంగు. రసం నిలిచిన చోట సూక్ష్మజీవులు చేరితే వణికించే చలిజ్వరం.

నొప్పి మాత్రం తరచుగా ఉండదు. మార్చిన కాలేయానికి పాత నరాలు తెగిపోయి ఉంటాయి కదా, లోపల చీము పడుతున్నా మనిషి 'కాస్త నలతగా ఉంది సార్' అంటాడంతే. పైగా మామూలు మనిషికి నాళం మూసుకుపోతే పైనున్న కొమ్మలు ఉబ్బి అల్ట్రాసౌండ్‌లో ఇట్టే కనిపిస్తాయి. మార్చిన కాలేయంలో చాలాసార్లు ఉబ్బవు. అల్ట్రాసౌండ్ బాగానే ఉందని రిపోర్టు చేతికొస్తుంది, రక్తపరీక్ష మాత్రం బాగాలేదంటుంది. అలాంటప్పుడు నేను రక్తపరీక్షనే నమ్ముతాను, పైత్యనాళాలను చూపే ఎమ్మారై స్కాను, ఎమ్మార్సీపీ, తీయిస్తాను.

ఇలాంటి ఇరుకును ముందుగా విప్పాల్సింది మేము కాదు. నోట్లోంచి ఎండోస్కోపు దింపి, పేగు వైపు నుంచి నాళంలోకి ఎక్కి స్టెంటు పెట్టే ఈఆర్సీపీ మొదటి దారి. ఒంటి బయట పైపు వేలాడదు, అందుకని అదే మేలు. డాక్టర్ నాగేశ్వర్‌రెడ్డి లాంటివాళ్ల పుణ్యమా అని ఆ విద్యలో హైదరాబాదుకు ప్రపంచంలోనే పేరుంది. ఎవరు చేయాలన్న దాని మీద మా రెండు శాఖల మధ్య మీటింగుల్లో అప్పుడప్పుడు మాటా మాటా అవుతుంది కానీ, నా మటుకు నాకు ఇందులో గొడవే కనిపించదు. వాళ్ల వైరు దూరనప్పుడు మా దగ్గరికొస్తారు. పిల్లల్లో, ఇంకొందరు పెద్దల్లో నాళాన్ని నాళానికి కలపడం కుదరక పేగు ముక్కను పైకి లాగి నేరుగా కాలేయానికి కుడతారు. అక్కడికి ఎండోస్కోపు చేరడం కష్టం. అలాంటివాళ్లు మొదటే మా దగ్గరికొస్తారు.

మా దారి పక్కటెముకల సందులోంచి. 1937లోనే హనోయ్‌లో హ్యుయార్, దో సువాన్ హోప్ అనే ఇద్దరు వైద్యులు చర్మం మీద నుంచి సూదితో పైత్యనాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. సూదిలోంచి వైరు, వైరు మీద నుంచి గొట్టం అనే ఉపాయం 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్‌ది. మా శాఖ మొత్తం ఇప్పటికీ దాని మీదే బతుకుతోంది. ఈ పనికి మేం వాడే సన్న సూది జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో రూపు దిద్దుకుంది. 1974లో కునియో ఒకుడా బృందం దాని సంగతి ప్రపంచానికి చెప్పాక ఊపందుకుంది.

ఆ సూది మందం మిల్లీమీటరు కూడా ఉండదు. కుడి పక్కటెముకల మధ్య నుంచి గుచ్చి, రోగిని ఊపిరి బిగపట్టమని చెప్పి, మెల్లగా వెనక్కి లాగుతూ చుక్కచుక్కగా రంగుమందు వదులుతాను. ఉబ్బని నాళం వెడల్పు రెండు మిల్లీమీటర్లుంటే గొప్ప, దాని పక్కనే సిరా ధమనీ ఆనుకుని నడుస్తుంటాయి. సూది మొన ఎందులో ఉందో మందు పారే తీరే చెబుతుంది. గుండె వైపు గబుక్కున పారి మాయమైతే సిర. కాలేయం అంచుల వైపు దూసుకుపోతే ధమని లేదా పోర్టల్ సిర. ఎటూ పరుగెత్తకుండా నిలబడి, బద్ధకంగా కిందికి జారితే అదీ పైత్యనాళం. ఆ బద్ధకం కనబడగానే గదిలో ఎవరూ ఏమీ అనరు, సిస్టరు మాత్రం వైరు ప్యాకెట్టు చింపుతుంది.

అసలు కష్టం ఆ తర్వాత. మచ్చ కట్టిన చోట దారి తిన్నగా ఉండదు. నున్నటి పూత ఉన్న వైరును వేళ్ల మధ్య తిప్పుతూ, కొద్దిగా నెట్టుతూ, వెనక్కి తీస్తూ వెతకాలి. బలవంతం చేస్తే వైరు తనే కొత్త దారి చేసుకుంటుంది, అది ఎటు పోతుందో దేవుడికెరుక. ఒక పూటకు దొరక్కపోతే పైనున్న రసం బయటికి పోయేలా చిన్న పైపు పెట్టి ఊరుకోవడమే మంచిది. వాపు తగ్గాక, వారం పది రోజులకు, మొదట ససేమిరా అన్న ఇరుకే దారి ఇవ్వడం మా శాఖలో అందరూ చూసిందే. కుర్ర డాక్టర్లకు నేను చెప్పుకోగలిగిన పాఠం ఉంటే, మానేసి రేపు రమ్మనడం కూడా పనే అని. వాళ్లకది రుచించదు.

ఎంతకీ దారి లేకుండా రెండు కొసలూ పూర్తిగా మూసుకుపోయినవాళ్ల కోసం జపాన్‌లో ఒక ఉపాయం కనిపెట్టారు, కొరియావాళ్లు దాన్ని బాగా ఒడిసిపట్టారు. పై నుంచి మా పైపు దారిలో ఒక చిన్న అయస్కాంతం, కింద నుంచి ఎండోస్కోపు దారిలో ఇంకోటి పంపుతారు. మధ్యలో మచ్చ పలచగా ఉంటే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. నొక్కుడుకు మధ్య కండ చచ్చి, వారాలు గడిచేసరికి రెండూ అతుక్కుపోతాయి. వాటిని తీసేస్తే ఆ చోట రంధ్రం ఉంటుంది. ఏ సర్జనూ కోయలేని చోట, ఎవరి చేయీ లేకుండా, ఒక కొత్త నాళం! అందరికీ కుదిరేది కాదు, ఆ రెండు కొసలూ దగ్గరగా ఉండాలి. కానీ నా వృత్తిలో నాచేత ఇప్పటికీ నోరు తెరిపించేది ఇదొక్కటే.

వైరు దాటాక బెలూను. ఆరు నుంచి పది మిల్లీమీటర్ల మందం, దానిలో మందు నింపుతుంటే మచ్చ ఉన్న చోట నడుం బిగించినట్టు నొక్కు కనిపిస్తుంది, ఒత్తిడి పెంచితే విచ్చుకుంటుంది. తెర మీద చూసేవాళ్లకు అదే ఘట్టంలా అనిపిస్తుంది. నన్నడిగితే అదేమంత పెద్ద విషయం కాదు. బెలూను పని కొద్ది నిమిషాలు. తీసేసి ఊరుకుంటే మచ్చ మళ్లీ ముడుచుకుంటుంది. ఆ దారిని తెరిచి ఉంచేది పైపు. పక్కలో నుంచి లోపలికి వెళ్లి, ఇరుకు దాటి, పేగులో తేలేంత పొడవుండి, పైనా కిందా చిల్లులున్న మెత్తటి గొట్టం. నెలకో రెండు నెలలకో ఒకసారి మారుస్తాం, ఒక్కో మెట్టు లావు పెంచుతాం. పారిస్ పనిముట్ల తయారీదారు షారియేర్ పెట్టిన కొలత ప్రకారం మిల్లీమీటరుకు మూడు ఫ్రెంచ్‌లు. ఎనిమిదితో మొదలుపెట్టి పన్నెండుకో పద్నాలుగుకో తీసుకెళ్తాం. మచ్చ ఆ లావుకు అలవాటు పడి, ఇక ముడుచుకోవడం మరిచిపోయేదాకా ఉంచాలి. ఆరు నెలలు మామూలు, ఏడాది కూడా వింత కాదు.

కాబట్టి ఈ వైద్యంలో ఎక్కువ భాగం క్యాథ్‌ల్యాబ్‌లో జరగదు, ఇంట్లో జరుగుతుంది. రోజూ సిరంజితో ఉప్పునీరు ఎక్కించాలి. లోపలికి ఎక్కించడమే, వెనక్కి లాగకూడదు, లాగితే పేగులోని మురికి కాలేయంలోకి వస్తుంది. కట్టు మార్చాలి. రసం బయట సంచిలోకి వస్తుంటే కొలిచి రాయాలి, ఎక్కువ పోతుంటే ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గిపోతాయి. దారి తెరుచుకున్నాక పైపుకు మూత పెడతాం, అప్పుడు రసం లోపలే పేగులోకి దిగుతుంది. మూత పెట్టాక చలి వస్తే ఎవరికోసమూ చూడకుండా మూత తీసి సంచి తగిలించాలి, ఆ తర్వాతే ఫోను. ఇవన్నీ చేసేది నేను కాదు. నర్సూ కాదు. చాలా ఇళ్లల్లో భార్య. మన దేశంలో కాలేయం ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, తీసుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. అంటే తన కాలేయంలో సగానికి పైగా ఇచ్చిన మనిషే ఆ కాలేయానికి పెట్టిన పైపును కడుగుతూ కూర్చుంటుంది.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మార్పిడికి ముందు కుటుంబానికి చెప్పే మాటల్లో పైత్యనాళానిది రెండు వాక్యాల వాటా. సంతకాల కాగితంలో 'సమస్యలు రావచ్చు' అని ఉంటుంది. డిశ్చార్జి రోజున పూలగుచ్ఛంతో ఫోటో పడుతుంది, పేపర్లో 'పునర్జన్మ' అని శీర్షిక. నాలుగో నెలలో పచ్చకామెర్లతో వచ్చినప్పుడు వాళ్ల మొహంలో కనిపించేది భయం కన్నా ఎక్కువగా మోసపోయామన్న భావం. ఖర్చు కూడా అంతే. మొదటి ఆపరేషన్‌కి పొలం అమ్మో, అప్పు చేసో, దాతల సాయంతోనో గట్టెక్కినవాళ్ల దగ్గర పైపు మార్చిన ప్రతిసారీ పెట్టడానికి ఏం మిగులుతుంది? రాత్రి బస్సెక్కి వచ్చి, ఉదయం చేయించుకుని, సాయంత్రం బస్సుకు పోయేవాళ్లు నాకు చాలామంది తెలుసు.

అన్ని ఇరుకులూ లొంగవు. ధమని మూసుకుపోయి నాళాల చెట్టంతా అక్కడక్కడా ఎండిపోయినప్పుడు ఒకచోట తెరిస్తే ఇంకోచోట మూసుకుంటుంది. అప్పుడు పైపు కాలం గడపడానికే. రెండో మార్పిడికి పేరు రాయించుకోవాలి. ఇంట్లో ఇవ్వగలిగినవాళ్లు ఒకసారి ఇచ్చేశారు, ఇక చనిపోయినవాళ్ల అవయవాలు పంచే జీవన్‌దాన్ జాబితాలో పిలుపు కోసం చూడ్డమే. అలాంటివాళ్లతో నేను బెలూన్ల గురించి మాట్లాడను.

లొంగినవాళ్ల సంగతి వేరు. వేములవాడ వైపు నుంచి వచ్చే ఒక జంట ఉన్నారు. కాలేయం భార్యదే. పిల్లవాడి పాత లెక్కల నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద ఆవిడ రోజూ రాస్తుంది: ఎన్ని మిల్లీలీటర్లు, ఏ రంగు, జ్వరం ఉందా. 'బంగారు రంగు' అని రాసిన రోజు పక్కన టిక్కు, 'ఆకుపచ్చ' అని రాసిన రోజు ప్రశ్నార్థకం. మా ఫైలు కన్నా ఆ పుస్తకం నాకు ఎక్కువ పనికొచ్చింది. మొన్న మందు ఎక్కించి చూస్తే రసం సాఫీగా దిగింది. ఆఖరి పరీక్షగా పైపును ఇరుకుకు పైదాకా వెనక్కి లాగి మూత బిగించాను. రెండు వారాలు జ్వరం రాకుండా, రక్తపరీక్ష చెడకుండా ఉంటే తీసేయడమేనని చెప్పాను.

"ఈ రెండు వారాల్ల రాజన్న గుడి కాడికి పోవచ్చునా సార్? కోడెను తిప్పే మొక్కున్నది," అన్నాడాయన.

"వెళ్లండి. ధర్మగుండం నీళ్లలో మాత్రం మునగొద్దు, పైపులోంచి ఇన్‌ఫెక్షన్ లోపలికి పోతుంది. కోడె తాడు కూడా మీరు పట్టుకోవద్దు. అది ఒక్క గుంజు గుంజిందంటే పైపు ఊడి చేతికొస్తుంది."

ఆవిడ నోటుబుక్కు సంచిలో పెట్టుకుంటూ, "కోడెను నేనే పడతా సార్. మొక్కుకున్నది నేనే. ఆయన ఎనక నడుస్తడు," అంది.