సర్పగంధి: మోతాదు మరచిన ప్రశంస

ఔషధపు మొక్కలను గూర్చి తెలుగులో వెలువడు వ్యాసములలో సర్పగంధికి తప్పక చోటుండును. పాముకాటునకు, ఉన్మాదమునకు దీని వేరును మన వైద్యులు వాడిరనియు, 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు అందుండి రిసర్పిను అను ఆల్కలాయిడును వేరుచేసిరనియు వ్రాసి, పూర్వులెరిగినదే పాశ్చాత్యులు కనుగొనిరని ముగింతురు. మొదటి రెండు మాటలు నిజమే. చిక్కంతయు మూడవదానిలోనే యున్నది.

ఈ వేరు మనసును శాంతపరచునని పూర్వులెరుగుదురు. కాని రక్తపుపోటును తగ్గించునని ఎట్లెరుగుదురు? చేతికి పట్టీ కట్టి పోటును కొలుచు పద్ధతిని రీవా-రోచ్చి తెలిపినది 1896లో. ఆ కొలతను ఈ వేరుతో కలిపినవారు మనవారే, ఇరువదవ శతాబ్దివారే. 1931లో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ ఢిల్లీలో దీనినుండి అజ్మలిను మొదలగు ఆల్కలాయిడులను వేరుచేసిరి. అదే సంవత్సరమున గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోసు కలకత్తాలో రోగులపై వాడి ఫలితములు ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన పరిశీలనలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించెను. పూర్వులను పొగడు వ్యాసములు వీరిని తలపకపోవుట వింత.

అంతకంటె పెద్ద లోపము మోతాదును గూర్చిన మౌనము. రక్తపుపోటునకు రిసర్పిను దినమునకు సాధారణముగా 0.1 నుండి 0.25 మిల్లీగ్రాము మాత్రమే. వేరులోని ఆల్కలాయిడుల పాలు నేలను బట్టి, త్రవ్విన ఋతువును బట్టి మారును. కనుక ఒక చిటికెడు చూర్ణము మరియొక చిటికెడునకు సమానము కాదు. నరముల కొనలయందలి సూక్ష్మకోశములలో నోరెడ్రినలిను, సెరటోనిను, డోపమిను నిలువచేరకుండ రిసర్పిను అడ్డుపడును. పోటు తగ్గుటకు కారణమదియే. నాడి మందగించుటకు, ముక్కు దిబ్బడకును కారణమదియే. కొందరిలో మనోవ్యాకులత కలుగుటయు వైద్యులు గమనించిరి. నేడు వేరే మందులు వచ్చినందున దీని వాడకము చాల తగ్గినది.

“మొక్క గనుక హానిలేదు” అను వాక్యము ఇట్టి వ్యాసములలో ఎంత సులువుగా దొరలునో! స్వీడనులో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకు రిసర్పిను ఇచ్చి చూచెను. అవి కదలలేక పడియుండెను. ఎల్-డోపా ఇయ్యగా తిరిగి లేచినవి. పార్కిన్సన్ వ్యాధి చికిత్సకు దారిచూపినది ఈ ప్రయోగమే. మొక్కలోని పదార్థము ఎంత బలమైనదో తెలుపుటకు తరగతిలో గుణముల పట్టికకంటె ఆ కుందేళ్ళ కథయే మేలు.