పికప్ తొట్టిలో పనిముట్ల పొందిక

అమెరికాలో వడ్రంగులు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు చాలామందికి పికప్ ట్రక్కు వెనుక తొట్టే సామాన్ల గది. దానికి తగిన పెట్టెను ఎంచుకోవడంలో పనివాడి తెలివి చక్కగా కనబడుతుంది.

అతను మొదట చూసేది బరువు. బండి ఎంత మోయగలదో డ్రైవర్ తలుపు పక్కన అంటించిన చీటీ చెబుతుంది. మనుషులు, సామాను, కొత్తగా బిగించే పెట్టె అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అందుకే తేలికైన, తుప్పు పట్టని అల్యూమినియానికి ఆదరణ ఎక్కువ. సొట్టలను బాగా తట్టుకునేది మాత్రం ఉక్కే.

తర్వాత కొలతలు. అక్కడి ప్లైవుడ్ షీటు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. పెద్ద పికప్‌లలో చక్రాల గూళ్ల మధ్య అది పట్టేంత చోటు ఉంటుంది. క్యాబిన్ వెనుక, తొట్టి అంచులపై అడ్డంగా కూర్చునే పెట్టె లోతు తక్కువైతే షీట్లు దాని కిందికి దూరతాయి. లోతెక్కువ పెట్టె ఆ సందును మింగేస్తుంది. కొనేముందు ఈ ఒక్కటి కొలిచి చూసుకునేవాడు నిజంగా పని తెలిసినవాడు.

తొట్టి నేలపై పరిచే సొరుగుల అమరిక ఖరీదైనది, బరువైనది, తొట్టి ఎత్తునూ కొంత తినేస్తుంది. అయినా రోజంతా పనిముట్లు తీసి పెట్టేవారికి అదే మేలు. వెనుక తలుపు దించి లాగితే చాలు, తొట్టిలోకి ఎక్కనక్కర్లేదు, నడుముకు శ్రమ తప్పుతుంది.

సర్దడంలోనూ పద్ధతుంది. బరువైనవి అడుగున, వెనుక ఇరుసుకు ముందు ఉండాలి. ఇరుసు దాటి వెనక్కి పోతే ముందు చక్రాలపై భారం తగ్గి స్టీరింగ్ పట్టు సడలుతుంది. మాటిమాటికీ కావలసినవి చేతికందేచోట ఉంటాయి. పెట్టె బిగింపుకు కూడా వీలైనచోట క్లాంపులే వాడతారు, ఎందుకంటే ఉక్కు తొట్టికి రంధ్రం చేస్తే తుప్పు అక్కడే మొదలుకావచ్చు.