పంపు పొడుగు, బెల్టు నడక

1932 ఫోర్డు కారులోకి షెవర్లే స్మాల్‌బ్లాక్ వి8 ఇంజన్ ఎక్కించడం అమెరికాలో హాట్‌రాడ్‌లు కట్టేవాళ్ళకు పాత సరదా. బానెట్ ఎత్తగానే చాలామంది చూపు కార్బురేటర్ల మీదికీ, తళతళలాడే క్రోమ్ మూతల మీదికీ పోతుంది. పని తెలిసినవాళ్ళు మాత్రం ఇంజన్ ముందుకొచ్చి, రేడియేటర్ వెనకాల ఉన్న ఇరుకులోకి తొంగిచూస్తారు.

అక్కడ మొదట తేలాల్సింది వాటర్ పంపు సంగతి. 1955లో వచ్చిన ఈ ఇంజన్‌కి 1968 దాకా ఉన్నది పొట్టి పంపు, సుమారు 5.6 అంగుళాలు. 1969 నుంచి చాలా కార్లకు 6.9 అంగుళాల పొడుగు పంపు వచ్చింది. రెండూ ఒకే బ్లాకుకు, అవే బోల్టులతో కూర్చుంటాయి. తిరకాసంతా అందులోనే ఉంది. పంపు మారిందంటే దాని పుల్లీ ముందుకో వెనక్కో జరుగుతుంది; క్రాంక్ పుల్లీ, ఆల్టర్నేటర్ బ్రాకెట్ కూడా మార్చక తప్పదు. పాత ఫోర్డులో ఫ్యాన్‌కి జాగా మిగలాలంటే పొట్టిదే గతి. మంచి మెకానిక్ పంపు ఖాయం చేసుకున్నాకే మిగతా సామాను కొంటాడు.

తర్వాత బెల్టు. వి-బెల్టుకు పట్టంతా పుల్లీ గాడి పక్కగోడల దగ్గరే. అడుగు తాకితే జారుతుంది. గాడి అడుగు అద్దంలా మెరుస్తోందంటే ఆ పుల్లీ పని అయిపోయినట్టే.

సన్నటి గాడులున్న వెడల్పు సర్పెంటైన్ బెల్టు కథ వేరు. 1979 ఫోర్డు మస్టాంగ్‌తో జనానికి పరిచయమైన ఈ బెల్టు ఒక్కటే అన్నిటినీ తిప్పుతుంది, నున్నటి వీపుతో కూడా. వీపు తగిలిన పుల్లీ ఎదురు దిక్కున తిరుగుతుంది. పంపుని అలా తిప్పదలిస్తే లోపల నీళ్ళు నెట్టే రెక్కల చక్రం, ఇంపెల్లర్ కూడా అందుకు తగ్గదై ఉండాలి. పైకి కవలల్లా కనిపించే రెండు పంపుల్లో తప్పుది బిగిస్తే నీళ్ళు సరిగా కదలవు, ఇంజన్ కాగిపోతుంది. పంపు ఇరుసు మీదే ఫ్యాన్ ఉంటే దాని రెక్కల వాలూ మారాల్సిందే.

నాకు ముచ్చటేసేది బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌కి చోటు ఎంచే తీరు. క్రాంక్ పుల్లీ బెల్టును ఒకవైపు లాగుతుంది, మరోవైపు వదులుతుంది. స్ప్రింగు టెన్షనర్ వదిలే వైపే ఉండాలి. లాగే వైపు పెడితే ఇంజన్ జోరందుకున్నప్పుడల్లా బిగుసుకున్న బెల్టు దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. అన్ని పుల్లీలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో ఇనుప బద్ద ఆనించి చూసి, తేడా ఉన్నచోట లేతు మీద సన్నటి స్పేసర్ తీసి సరిచేసినవాడికి దణ్ణం పెట్టొచ్చు. డబ్బాలో వచ్చే రెడీమేడ్ కిట్టులో ఈ కష్టం ఉండదు. కొనడం తప్పేమీ కాదు గానీ, మెప్పు కిట్టు చేసినవాడికే.

పంపుకి అసలీ బెల్టు గొడవే లేకుండా 1992లో వచ్చిన ఎల్‌టీ1 ఇంజన్‌లో షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ పంపుని క్యామ్‌షాఫ్ట్ నుంచి గేర్లతో తిప్పింది. సొగసైన ఆలోచనే. కానీ ఇగ్నిషన్‌ని నడిపే డిస్ట్రిబ్యూటర్‌ని సరిగ్గా పంపు కిందే పెట్టారు. సీలు అరిగిన పంపు చిన్న రంధ్రంలోంచి నీళ్ళు కార్చి ముందే హెచ్చరిస్తుంది. ఇక్కడ ఆ నీళ్ళు పడేది ఇగ్నిషన్ మీద.